చెరువు నిండింది ప్రాజెక్టు వల్లనా, వాన వల్లనా?

2021 నవంబరును తిరుపతి చుట్టుపక్కల వాళ్లు అంత సులువుగా మరిచిపోలేరు. స్వర్ణముఖి పొంగింది. తిరుపతి వీధులు నీళ్లలో మునిగాయి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకేజీ మొదలైందని తెలిసి చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. నీళ్ల కోసం మొగులు వైపు చూడటమే అలవాటైన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో నీళ్లు ఎక్కువై జనం రాత్రంతా మేలుకున్న రోజులవి. ఆ తర్వాతి వేసవిలో, ఎన్నాళ్లుగానో వట్టిపోయిన బోర్లలోనూ నీళ్లు పైకొచ్చాయి.

ఇప్పుడు ఒక ఊరిని ఊహించుకుందాం. 2018 కరువులో అక్కడ చెక్‌డ్యాములు, పంట కుంటల ప్రాజెక్టు ఒకటి మొదలైంది. అప్పుడు కొలిస్తే బోర్లలో నీళ్లు సగటున 40 మీటర్ల లోతున ఉన్నాయి. ప్రాజెక్టు ముగిశాక 2022లో కొలిస్తే 12 మీటర్లకే అందాయి. ‘భూగర్భ జలమట్టం 28 మీటర్లు పెరిగింది’ అని నివేదికలో రాశారు. అందులో అబద్ధం లేదు, కొలతలు రెండూ నిజమే. అయితే నీళ్లను పైకి తెచ్చింది చెక్‌డ్యామా, నవంబరు వానా? ఆ సంగతి ఆ వాక్యంలో లేదు.

వ్యవసాయ ప్రాజెక్టుల పర్యవేక్షణ, మూల్యాంకనం అనే విద్య అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. స్వచ్ఛంద సంస్థల ఆఫీసుల్లో దీన్ని ‘ఎం అండ్ ఈ’ (మానిటరింగ్ అండ్ ఇవాల్యుయేషన్) అంటారు. వ్యవసాయ డిగ్రీ చదివి ఉద్యోగంలో చేరిన పిల్లలకు మొదటి నెలలోనే ఈ పని అప్పజెబుతారు. చేతికి ఒక ఫార్మాట్, ఒక ట్యాబ్ ఇచ్చి ఊళ్లకు పంపుతారు. ఏం నింపాలో చెబుతారు గానీ ఎందుకు నింపాలో చెప్పేవాళ్లు తక్కువ.

పాలకేంద్రంలో రోజూ పడే చీటీ, ఏడాది చివర వేసే లెక్క

పర్యవేక్షణ అనే మాట వినగానే జీపు దిగే అధికారి గుర్తొస్తాడు. మూల్యాంకనం అంటే ఇంటర్ పేపర్లు దిద్దడం గుర్తొస్తుంది. రెండు మాటల్లోనూ ఎవరో మనకు మార్కులు వేస్తున్నారన్న భయం ఉంది. ఊళ్లో సర్వే అనగానే ‘పథకం ఆపేస్తారేమో’ అన్న టెన్షన్ పుట్టేది కూడా అందుకే. అసలు అర్థం అంతకన్నా సాదాగా ఉంటుంది, చిత్తూరు జిల్లా రైతుకు అది పాలకేంద్రంలో రోజూ కనబడేదే.

పొద్దున్నే క్యాను తీసుకెళ్తే అక్కడ పాలు కొలుస్తారు, శాంపిల్ తీసి మెషిన్‌లో పెడతారు, వెన్న శాతం ఎంతో చీటీ వస్తుంది. నిన్న 4.0 ఉన్నది ఇవాళ 3.4కు పడితే ఇంటావిడ మేత సంగతి చూస్తుంది, ఆవుకు ఒంట్లో బాగుందో లేదో చూస్తుంది. అంటే కొలత చూసి రేపటి పని మార్చుకుంటుంది. పర్యవేక్షణ అంటే ఇదే: పని నడుస్తుండగా, పని చేసేవాళ్లే, పనిని సరిదిద్దుకోవడానికి తీసే కొలత.

ఏడాది తిరిగాక ఆ ఇంట్లో ఇంకో లెక్క వేస్తారు. లోను పెట్టి ఆవును కొన్నాం. దాణాకు ఇంత, డాక్టరుకు ఇంత, కంతులకు ఇంత పోగా మిగిలిందెంత? రోజూ నాలుగు గంటలు ఆవు దగ్గరే గడిచాయి, అదే సమయం కూలికి పోయి ఉంటే ఎంత వచ్చేది? అసలు ఈ ఆవును కొనకపోయి ఉంటే మన ఇల్లు ఎలా ఉండేది? ఇది మూల్యాంకనం. చీటీలన్నీ దాచుకున్న ఇంట్లో ఈ లెక్క తేలుతుంది, పారేసుకున్న ఇంట్లో తేలదు. రోజువారీ పర్యవేక్షణ లేకుండా చివర్లో మూల్యాంకనం కుదరదని చెప్పేది ఇందుకే.

డ్రిప్ పైపు నుంచి రైతు ఆదాయం దాకా ఉన్న మెట్లు

ప్రాజెక్టును కొలిచేవాళ్లు దాన్ని మెట్లుగా విడగొడతారు. డబ్బు, సిబ్బంది, సామాను ఇన్‌పుట్. పైపులు పరచడం, శిక్షణ ఇవ్వడం కార్యకలాపం. ఇన్ని ఎకరాలకు డ్రిప్ అమరింది అన్నది అవుట్‌పుట్. రైతు దాన్ని వాడి తక్కువ నీళ్లతో పంట పండించడం అవుట్‌కమ్. ఆ ఇంటి ఆదాయం నిలకడ కావడం, భూగర్భ జలం తగ్గకుండా ఉండటం ఇంపాక్ట్. ఈ మెట్లను గళ్లుగా గీసి, ఒక్కో మెట్టుకు కొలమానం ఏమిటి, అది నెరవేరాలంటే ఏమేమి కలిసిరావాలి అని రాసే పట్టికను లాగ్‌ఫ్రేమ్ అంటారు. 1969లో అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ కోసం దీన్ని తయారుచేశారు. ఈనాటికీ దాతల ప్రాజెక్టులన్నిటా ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది.

ఈ మెట్లలో జారుడు ఎక్కువగా ఉండేది అవుట్‌పుట్‌కూ అవుట్‌కమ్‌కూ మధ్య. జిల్లాలో తిరిగితే బోరు పక్కన, వేపచెట్టు కొమ్మకో షెడ్డు గోడకో చుట్టలు చుట్టి తగిలించిన నల్లటి డ్రిప్ పైపులు కనబడతాయి. ఎండకు తెల్లబడి, రంధ్రాల దగ్గర ఉప్పు పేరుకుని ఉంటాయి. ఆ చేనుకు డ్రిప్ వచ్చిన మాట నిజం, ఏ చోట తీసిందో నమోదయ్యే జియో ట్యాగింగ్ ఫోటోలో అది భద్రంగా ఉంది. బోరు ఎండిపోవడంతో పైపు చెట్టెక్కింది. ఎకరాల సంఖ్య మాత్రమే లెక్కపెట్టే పర్యవేక్షణకు ఈ పైపు విజయంగానే కనిపిస్తుంది.

నీళ్లున్న చోట ఇంకో చిక్కు. డ్రిప్ వల్ల ఎకరాకు నీళ్లు ఆదా అయ్యాయి. ఆదా అయిన నీళ్లతో రైతు ఇంకో ఎకరం టమాటా పెట్టాడు. ఆయన ఆదాయం పెరిగింది, అది మంచి సంగతే. కానీ బోరు నుంచి తోడిన నీళ్లు మొత్తం మీద తగ్గలేదు. సాగునీటి పొదుపు పరికరాలు పెరిగినా నీటి వాడకం తగ్గకపోవడాన్ని గురించి 2018లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రపంచమంతా చర్చ రేపింది. రైతు ఆదాయం కోసం పెట్టిన ప్రాజెక్టు అయితే అది గెలిచినట్టే, భూగర్భ జలం కోసం పెట్టినదైతే గెలవలేదు. ఏది కొలవాలో మొదట్లో తేల్చుకోకపోతే ఒకే చేనును చూసి ఇద్దరు రెండు తీర్పులు రాస్తారు.

చివరి మెట్టు దగ్గర ప్రాజెక్టు చేతిలో లేని సంగతులు వచ్చి పడతాయి. 2025 సీజనులో తోతాపురి మామిడిని తలుచుకోండి. కాయ విరగకాసింది, ధర కుప్పకూలింది. కిలోకు గుజ్జు ఫ్యాక్టరీలు రూ.8, ప్రభుత్వం రూ.4 కలిపి రూ.12 అందేలా నిర్ణయించాల్సి వచ్చింది. ఆ ఏడాది ఎవరైనా మామిడి దిగుబడి పెంచే ప్రాజెక్టును మూల్యాంకనం చేసి ఉంటే, దిగుబడి గడిలో విజయం, ఆదాయం గడిలో నష్టం పక్కపక్కనే కనిపించేవి.

ముందు కొలత లేని చోట జ్ఞాపకమే సాక్షి

ప్రాజెక్టు మొదలవకముందు పరిస్థితిని కొలిచి పెట్టుకోవడాన్ని బేస్‌లైన్ అంటారు. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం, ఊళ్లో మాత్రం ఇదే అన్నిటికన్నా కష్టమైన పని. నిధులు ఆలస్యంగా వస్తాయి, పనులు వెంటనే మొదలుపెట్టాలి, ‘సర్వే తర్వాత చూద్దాం’ అంటారు. రెండేళ్ల తర్వాత ఎవరో వెళ్లి ‘ప్రాజెక్టుకు ముందు మీకెంత పండేది?’ అని అడుగుతారు.

నేను మొదటిసారి సర్వేకు పోయింది పలమనేరు వైపు. ఒక పెద్దావిడ అరుగు మీద చెనిక్కాయలు (వేరుశనగ) ఒలుస్తోంది. మూడేళ్ల కిందటి దిగుబడి అడిగాను. కాసేపు ఆలోచించి, ‘అప్పుడు పది మూటలో, పన్నెండో నాయనా. నీకు ఎంత రాసుకుంటే మంచిదో అంత రాసుకో’ అంది. ప్రేమగానే అంది, ఎండలో వచ్చిన పిల్లవాడు ఖాళీ కాగితంతో పోకూడదని. నేను పదకొండు రాసుకున్నాను. ఆ పదకొండు ఆ తర్వాత కంప్యూటర్లోకి ఎక్కి, సగటులో కలిసిపోయి, పాయింటు తర్వాత రెండు అంకెలతో నివేదికలో తేలింది. ఇప్పటికీ ఆ పేజీ చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

మూట అన్నా అందరికీ ఒకే తూకం కాదు. పచ్చికాయ మూట వేరు, ఎండుకాయ మూట వేరు. బోరు సంగతి అడిగితే ‘రెండించుల నీళ్లు’ అంటారు, అది గంటకు ఎన్ని లీటర్లో బకెట్టు, వాచీ పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది. కాలం కూడా మాయ చేస్తుంది. నైరుతితో పాటు ఈశాన్య రుతుపవనాల వానా పడే జిల్లా మనది. మొదటి కొలత మే నెలలో తీసి, చివరి కొలత డిసెంబరులో తీస్తే ఏ ప్రాజెక్టూ లేకపోయినా నీటిమట్టం పెరిగినట్టే కనబడుతుంది.

పక్క ఊరు చెప్పే నిజం: ఒక లెక్క

వాన ప్రభావాన్ని ప్రాజెక్టు ప్రభావం నుంచి విడదీయడానికి ఎక్కువగా వాడే దారి పక్క ఊరితో పోలిక. అంకెలతో చూద్దాం, ఇవి ఉదాహరణ కోసం వేసుకున్నవి.

పంట కుంటల ప్రాజెక్టు వచ్చిన ఊళ్లలో వేరుశనగ ఎకరాకు మొదట 420 కిలోలు, చివర్లో 610 కిలోలు. పెరిగింది 190 కిలోలు. 2025-26 మద్దతు ధర క్వింటాకు రూ.7,263 చొప్పున అది దాదాపు రూ.13,800. నివేదికలో చాలా అందంగా ఉంటుంది. ప్రాజెక్టు రాని, అలాంటి నేలే ఉన్న ఊళ్లలో మొదట 450, చివర్లో 590. అక్కడ ఏ పనీ జరగకుండానే 140 కిలోలు పెరిగింది. వానదో, కొత్త విత్తనానిదో ఆ ఫలితం. 190లోంచి 140 తీసేస్తే ప్రాజెక్టు వాటాగా చెప్పుకోగలిగింది 50 కిలోలు, సుమారు రూ.3,600. తేడాల్లో తేడా అని దీనికి పేరు. మొదట్లో రెండు చోట్లా దిగుబడి సమానంగా లేకపోయినా ఈ లెక్క పనిచేస్తుంది, ప్రాజెక్టు రాకపోతే రెండు చోట్లా ఒకే తీరున పెరిగి ఉండేవని నమ్మగలిగితే.

ఆ నమ్మకంలోనే ఉంది మెలిక అంతా. ప్రాజెక్టుకు ఊళ్లను ఎలా ఎంచుకున్నారు? రోడ్డు పక్కనున్న, చురుకైన సర్పంచ్ ఉన్న ఊళ్లనే తీసుకుని ఉంటే అవి ఎలాగూ ముందుకు పోయేవేమో. ప్రాజెక్టు కుంటల నీళ్లు భూమి లోపలి నుంచి పక్క ఊరి బోరుకూ చేరితే, పోలికకు పెట్టుకున్న ఊరే ప్రాజెక్టు లాభం పొందుతోందన్న మాట. అప్పుడు మన లెక్క అసలు ప్రభావాన్ని తక్కువ చేసి చూపిస్తుంది.

ఎంపికలో ఈ మొగ్గు లేకుండా చీటీలు తీసి ఊళ్లను ఎంచుకోవాలని వాదించేవాళ్లున్నారు. పేదరికం మీద ఇలాంటి క్షేత్ర ప్రయోగాలు చేసినందుకే అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు 2019లో ఆర్థిక శాస్త్ర నోబెల్ వచ్చింది. విత్తనం, ఎరువు, వాతావరణ సమాచారం వంటి వాటికి ఈ పద్ధతి చక్కగా నప్పుతుంది. వాటర్‌షెడ్ పనులకు, అంటే వాగు పరీవాహకంలో వాన నీళ్లను ఆపే పనులకు, నప్పడం కష్టం. వాగు ఎటు పారితే పని అటే చేయాలి, చీటీలో పేరు రాలేదని మధ్య ఊరిని వదిలేస్తే నీళ్లు ఒప్పుకోవు. ‘కరువు ఊరికి నీళ్ల పని రాకపోవడానికి చీటీ కారణమని ఏ ముఖం పెట్టుకుని చెబుతాం?’ అని అడిగే క్షేత్ర సిబ్బందిదీ తీసిపారేయగల మాట కాదు. డబ్బు అందరికీ ఒకేసారి సరిపోనప్పుడు, ఎవరికి ముందు ఎవరికి తర్వాత అన్న వరుసను చీటీలతో తేల్చి, ఆలస్యంగా వచ్చే ఊళ్లను ఆ లోపల పోలికకు వాడుకోవడం ఒక రాజీ మార్గం.

25 చదరపు మీటర్లలో పావుకిలో తప్పు

దిగుబడిని రైతు నోటి మాట మీద కాకుండా నేరుగా కొలవాలంటే పంట కోత ప్రయోగం చేస్తారు. పంటల బీమాకు వాడే పద్ధతి కూడా ఇదే. చేనులో ఏ చోట కోయాలన్నది యాదృచ్ఛిక సంఖ్యలు తేలుస్తాయి. అక్కడ 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున మేకులు కొట్టి తాడు కట్టి, లోపలి చెట్లన్నీ పీకి, కాయలు కోసి తూస్తారు. వేరుశనగైతే పచ్చికాయ 4 కిలోలు తూగింది ఆరాక 2.6 కిలోలు కావచ్చు, అందుకే ఎండు తూకం మళ్లీ చూడాలి. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు, అంటే ఇలాంటి గళ్లు దాదాపు 162. కాబట్టి 2.6 కిలోలకు ఎకరా దిగుబడి 421 కిలోలు.

ఇప్పుడు తూకంలో పావుకిలో తేడా వచ్చిందనుకుందాం. కాయలకు మట్టి అంటుకుని ఉండవచ్చు, తాడు అవతలి వరుస ఒకటి లోపల కలిసి ఉండవచ్చు. పావుకిలోను 162తో గుణిస్తే ఎకరాకు 40 కిలోలు. పైన మనం ఎంతో కష్టపడి తేల్చిన ప్రాజెక్టు ప్రభావం మొత్తం 50 కిలోలే! ఒక్క చేనులో కోసి తీర్పు చెప్పలేకపోవడానికి కారణం ఇది. పొరపాట్లు కొన్ని అటు, కొన్ని ఇటు పడేవైతే ఎక్కువ చేలలో కోసే కొద్దీ సగటులో ఒకదాన్నొకటి కొట్టేస్తాయి, అయితే పొరపాటును సగానికి తగ్గించాలంటే నాలుగు రెట్లు చేలు కోయాలి. ప్రాజెక్టు ఊళ్లలో సిబ్బంది ఎప్పుడూ బాగున్న చోటే తాడు కడుతుంటే మాత్రం వెయ్యి చేలు కోసినా ఆ తప్పు పోదు.

రైతులే టేపు పట్టుకున్న ప్రాజెక్టు

రాష్ట్రం విడిపోకముందు, 2000 దశకంలో మన జిల్లా కూడా పాలుపంచుకున్న ఒక ప్రయత్నాన్ని ఈ విద్య నేర్చుకునేవాళ్లు తప్పక తెలుసుకోవాలి. నెదర్లాండ్స్ ప్రభుత్వ నిధులతో, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో, స్వచ్ఛంద సంస్థలు నడిపిన ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భ జల యాజమాన్య ప్రాజెక్టు అది. అందరూ ఏపీఎఫ్ఏఎంజీఎస్ అంటారు. చిత్తూరు, అనంతపురం, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 638 ఊళ్లలో నడిచింది.

అందులో రైతులకు సబ్సిడీ లేదు, బోరు వేయొద్దన్న నిషేధం లేదు. ఉన్నది కొలత ఒక్కటే. రైతులే వానమాపకం దగ్గర రోజూ వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి పరిశీలన బోర్లలోకి టేపు దించి నీటిమట్టం చూశారు, ఊరి గోడ మీద రాశారు. రబీ ముందు అందరూ కూర్చుని పంటల నీటి బడ్జెట్ వేసుకునేవారు. భూమిలో ఇన్ని నీళ్లున్నాయి, మనం వేయాలనుకున్న పంటలకు ఇన్ని కావాలి, తేడా ఇంత. వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు అనుకుంటే ఎకరాకు దాదాపు 48.6 లక్షల లీటర్లు. వేరుశనగకు 500 మిల్లీమీటర్లైతే సుమారు 20 లక్షలు. ఒక ఎకరం వరి మానితే దాదాపు రెండున్నర ఎకరాల చెనిక్కాయకు నీళ్లు మిగులుతాయని గోడ మీద కనబడితే, ఏ పంట వేయాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. నిర్ణయం రైతుదే. పర్యవేక్షణ పైఅధికారికి పంపే కాగితంగా మిగలకుండా, పాలకేంద్రం చీటీలా కొలిచినవాళ్ల చేతికే తిరిగి వచ్చిన అరుదైన సందర్భం ఇది. నాకు ఈ ప్రాజెక్టు మీద గౌరవం అందుకే.

ఫలితం? 2010లో వచ్చిన ప్రపంచ బ్యాంకు నివేదిక దీన్ని మెచ్చుకుంది. మూడేళ్లలో 42 శాతం వాగు పరీవాహక యూనిట్లు రబీలో తోడే నీటిని ఏటా తగ్గించుకున్నాయని, 51 శాతం అప్పుడప్పుడు తగ్గించుకున్నాయని, 7 శాతంలో మాత్రమే వాడకం పెరిగిందని అందులో ఉంది. తర్వాత వెళ్లి చూసిన పరిశోధకులు కొందరు అంత నమ్మకంగా మాట్లాడలేదు. ప్రాజెక్టు సిబ్బంది వెళ్లిపోయాక చాలాచోట్ల పద్ధతి ప్రకారం బడ్జెట్ వేయడం ఆగిపోయిందన్నారు. తగ్గిన వాడకంలో కొలతల వాటా ఎంత, వానల వాటా ఎంత, మార్కెట్టు ధరల వాటా ఎంత అని అడిగారు. మొదట్లో చెక్‌డ్యాముల ఊరి దగ్గర మనం వేసుకున్న ప్రశ్నే ఇక్కడా వచ్చింది. రెండు పక్షాలూ చూసింది ఒకే ప్రాజెక్టును, వేర్వేరు సమయాల్లో. ధనిక దేశాల సహాయ కమిటీ 1991లో స్థిరపరిచిన మూల్యాంకన ప్రమాణాలు ఐదు: అవసరానికి తగినదా, అనుకున్నది సాధించిందా, పొదుపుగా సాధించిందా, లోతైన మార్పు తెచ్చిందా, నిలిచిందా. 2019లో ఆరోది చేరింది, మిగతా పథకాలతో పొసిగిందా అని. మెచ్చుకున్నవాళ్లు రెండో ప్రశ్నకు జవాబు చెప్పారు, సందేహించినవాళ్లు ఐదో ప్రశ్న అడిగారు.

కొలిచేది ఎవరు, ఖర్చు ఎంత

ప్రాజెక్టు నడిపినవాళ్లే మూల్యాంకనం చేసుకుంటే తమ తప్పు తాము రాసుకోరని ఒక వాదన. బయటి నిపుణులు వారం రోజులు తిరిగి వెళ్తే, ఏ చేనుకు తీసుకెళ్తే ఆ చేనే చూస్తారని ఇంకో వాదన. రెండూ అనుభవంలో నిజమే. రైతులే కొలిస్తే నేర్చుకుంటారు, కొలత ఊళ్లో ఉంటుంది, కానీ దూరపు ఊళ్లతో పోల్చడానికి కావలసిన ఒకే తీరు రాదు. నేర్చుకోవడానికి చేసే మూల్యాంకనం, జవాబుదారీ కోసం చేసే మూల్యాంకనం వేర్వేరు పనులు. రెండింటినీ ఒకే సర్వే మీద మోపితే తప్పు చెప్పిన ఊరికి నిధులు ఆగుతాయన్న భయంతో రెండూ చెడతాయి.

డబ్బు సంగతి కూడా చూడాలి. 2008 నాటి వాటర్‌షెడ్ ఉమ్మడి మార్గదర్శకాల్లో పర్యవేక్షణకు 1 శాతం, మూల్యాంకనానికి 1 శాతం కేటాయించారు. మైదాన ప్రాంతంలో హెక్టారుకు రూ.12,000 లెక్కన 5,000 హెక్టార్ల ప్రాజెక్టు రూ.6 కోట్లు. అందులో మూల్యాంకనం వాటా రూ.6 లక్షలు. అన్ని ఏళ్లపాటు, ఎన్నో పల్లెల్లో, ముందు కొలత, చివరి కొలత, పోలిక ఊళ్లు, పంట కోతలు అన్నీ ఈ ఆరు లక్షల్లోనే జరగాలి. చాలా నివేదికల్లో పోలిక ఊళ్లు కనబడకపోవడానికి నిర్లక్ష్యం కన్నా ఇదే పెద్ద కారణమని నేను అనుకుంటాను.

డబ్బు తక్కువైనప్పుడు ఊళ్లో అప్పటికే ఉన్న కొలతలు బంగారంతో సమానం. పాలకేంద్రం పుస్తకాలు, ఏ చేనులో ఏ పంట వేశారో రాసే రైతు సేవా కేంద్రంలోని ఈ-క్రాప్ నమోదు, నీటిమట్టం కొలిచే భూగర్భ జల శాఖ పీజోమీటర్లు. నాకు దొరికిన వాటిలో మంచిది మాత్రం వీటిలో ఏదీ కాదు. చెనిక్కాయలు ఒలుస్తూ ‘పదో, పన్నెండో’ అన్న ఆ పెద్దావిడ ఇంట్లోనే, తలుపు వెనక మేకుకు పాత తెలుగు క్యాలెండర్లు ఒకదాని మీద ఒకటి తగిలించి ఉన్నాయి. వాన పడిన ప్రతి తేదీ కింద ఎర్ర పెన్నుతో ఒక గీత, గట్టి వానకు రెండు గీతలు. విత్తిన రోజు ‘వి’, కాయ పీకిన రోజు ‘పీ’, దాని పక్కనే మూటల సంఖ్య. రెండోసారి వెళ్లినప్పుడు మంచినీళ్ల కోసం లోపలికి పోతే కంటబడ్డాయి. ‘ఇవి ఉన్నాయని ఆ రోజు చెప్పలేదేం అవ్వా?’ అన్నాను. ‘నువ్వు అడిగింది నన్ను కదా నాయనా, వాటిని కాదు కదా’ అంది. మూడేళ్ల కిందటి క్యాలెండర్‌లో ఆ ఏటి పంట ఏడు మూటలు. నేను రాసుకున్న పదకొండును కొట్టేసి, మిగతా ఏళ్ల గీతలన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించుకునేసరికి సాయంత్రమైంది.